పసిబిడ్డలు నడచు దారి
(పంచాయతి సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



పన్నుల వసూలు, పద్దుల నిర్వహణ, తీర్మానముల వ్రాత మొదలగు విషయములను బోధించుటకు అనుభవజ్ఞులైన అధికారులు ఈ తరగతులకు వచ్చియున్నారు. మేము అధికారులము కాము. గుంటూరు జిల్లాలోని ఒక గ్రామమున కాపురముండు దంపతులము. మాకు ఇద్దరు బిడ్డలు. పెద్దది ఆడపిల్ల, అయిదేండ్లు నిండినవి. రెండవవాడు ఇరువది నెలలవాడు. వానికి నడక వచ్చినది కాని, ఎటు నడువవలెనో ఇంకను తెలియలేదు. ఇంటికి పెద్ద దిక్కుగా పిల్లల నాయనమ్మ ఉన్నారు. ఇట్టి కుటుంబము దినమంతయు ఏమి చేయును, బిడ్డలను తీసికొని ఎక్కడెక్కడికి పోవును, దారిలో దానికి ఏమి ఎదురగును అను సంగతి చెప్పుడని మమ్ము పిలిచిరి.

పిల్లలను ఎత్తుకొని తిరుగుట కూడ ఒక ఉపన్యాసమా అని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో పదునొకండవ షెడ్యూలు చేరినది. అందులో పంచాయతులకు అప్పగింపదగిన విషయములు 29 చెప్పబడినవి. త్రాగునీరు, రోడ్లు, ఆరోగ్యము, గ్రంథాలయములు, స్త్రీ శిశు సంక్షేమము, సామూహిక ఆస్తుల పోషణ అన్నియు అందే ఉన్నవి. మీరు వానిని కాగితముపై వరుసగా చదువుదురు. మేము ఒక బిడ్డను చంకను వేసికొని, మరియొక బిడ్డను వ్రేలు పట్టుకొని, ఉదయము ఆరు గంటలకును రాత్రి తొమ్మిదింటికిని మధ్య వానినే ఒకదాని వెంట ఒకటిగా దాటుచుందుము.

మొదట నీటి సంగతి. మా వీధి కుళాయికి నీరు ఉదయము ఆరింటికి రావలెను. ఒకనాడు ఆరింటికి, ఒకనాడు ఏడున్నరకు వచ్చును, ఒకనాడు రాదు. అందువలన ఇంటింట డ్రమ్ములు, గంగాళములు, బక్కెట్లు నింపి ఉంచుకొందురు. పసివానికి శరీరముతో పోల్చి చూచినచో తల బరువు ఎక్కువ. బక్కెట్టులోనికి తొంగిచూచి తలక్రిందుగా పడినచో తనంతట తాను లేవలేడు. దానికి నిండు బక్కెట్టు అక్కరలేదు, జానెడు నీరు చాలును. మా ఇంట డ్రమ్ములకు మూతలు వేసి, పనియైన బక్కెట్టును వెంటనే బోర్లించు వాడుక పెట్టుకొంటిమి. ఇది మా ఇంటి పని, పంచాయతి పని కాదు. అయితే నీరు వదలు వేళ నిశ్చయముగా ఉన్నయెడల ఇంటిలో అన్ని పాత్రలు నింపుకొనవలసిన అగత్యము తగ్గును. ఆ వేళను బోర్డుపై వ్రాసి దానికి కట్టుబడి ఉండుట మీ చేతిలోని పని.

పసిబిడ్డల మలమును గురించి ఒక మాట చెప్పి ముందుకు పోయెదము. "పాలు తాగే బిడ్డది, దానికేముంది?" అని మా ఇంట నాయనమ్మ చాలకాలము వాదించిరి. మరుగుదొడ్డి ఉన్న ఇండ్లలో సయితము బిడ్డల మలమును మురుగు కాలువలోనికో, పెంటమీదికో విసరుట మనకు అలవాటు. రోగములను కలిగించు సూక్ష్మజీవులు పెద్దలదానిలో వలెనే బిడ్డలదానిలోను ఉండును. ఆ కాలువమీది ఈగయే తిరిగి ఆ బిడ్డ చేతిలోని అరిసెపై వ్రాలును. ఇప్పుడు నాయనమ్మయే దానిని మరుగుదొడ్డిలో వేయించి, చేతులు సబ్బుతో కడిగించుచున్నారు.

తొమ్మిది గంటలకు అమ్మాయి అంగన్‌వాడీకి పోవును. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న దేశములోని 33 బ్లాకులలో ఆరంభమైనది. మా తల్లులు మమ్ము చూచి రమ్మని పొరుగింటి అవ్వకు అప్పగించి కూలికి పోవువారు. నేడు మా బిడ్డకు అన్నము, గ్రుడ్డు, పాట, ఆట ఒక్కచోట దొరకుచున్నవి. మా ఇంటి నుండి కేంద్రమునకు పెద్దవారి నడకలో అయిదు నిమిషములు. ఇద్దరు పిల్లలతో ఇరువది నిమిషములు. కట్టుకొయ్య దగ్గర పుట్టిన దూడను పలుకరింపవలెను. నీళ్ళ ట్యాంకు క్రింది బురదలో కప్పలెన్ని ఉన్నవో లెక్కింపవలెను. కోడిపుంజు ఎదురైనచో చిన్నవాడు దానిని తరుమును, అది తిరుగబడినచో ఏడ్చుచు మా కాళ్ళను చుట్టుకొనును. పిల్లలతో నడచినప్పుడే ఊరిని అడుగెత్తునుండి చూచుట తటస్థించును. పెద్దవారికి కనబడని పగిలిన కల్వర్టు పలక, వ్రేలాడు కరెంటు తీగ, మూత పోయిన వాల్వు గుంట, ఇవన్నియు వారి కంటికి మొదట కనబడును. వారి చేయియు మొదట అక్కడికే పోవును.

ఆ దారిలో సగము దూరమున ఒక గుంట ఉన్నది. మా ప్రసంగములో ముఖ్యభాగము ఆ గుంటయే.

కొన్ని యేండ్ల క్రిందట రోడ్డు ఎత్తు చేయుటకు అచ్చట మట్టి త్రవ్విరి. పని ముగిసిన తరువాత దానిని ఎవరును పూడ్చలేదు. ఒక ప్రక్క మోకాలిలోతు, రెండవ ప్రక్క నిలువులోతుకు మించి ఉండును. వానలు కురిసినచో సంక్రాంతి వరకు నీరు నిలుచును. నీటిపై గుర్రపుడెక్క అల్లుకొని పచ్చిక బయలువలె కనబడును. పెద్దవారికి అది గుంట అని తెలియును. అయిదేండ్ల పిల్లకు చెప్పినచో తెలియును. ఇరువది నెలలవానికి అది పచ్చగా ఉన్న నేల.

మా ప్రక్క గ్రామములో ఇట్టి గుంటయే మూడేండ్ల క్రిందట ఒక నాలుగేండ్ల బిడ్డను పొట్టన పెట్టుకొన్నది. మేము ఆ ఇంటికి పలుకరింపబోయితిమి. బిడ్డ ఆడుకొనుచున్నదని తలచి తల్లి పొయ్యి దగ్గర ఉండెను. తండ్రి పొలమున ఉండెను. ఎవ్వరును కేక వినలేదు. నీట మునుగు పసిబిడ్డ కేక వేయదు. నోటిలో నీరు నిండిన పిమ్మట దానికి కేక వేయు శక్తి ఉండదు. క్షణములలో అంతయు నిశ్శబ్దముగా జరిగిపోవును. తప్పు తల్లిదా, త్రవ్వినవారిదా, ఊరిదా అని నెల దినములు ఆ గ్రామములో మాటలాడుకొనిరి. గుంట మాత్రము మరియొక వానకాలము కూడ అట్లే ఉండెను.

2021వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించిరనియు, వారిలో దాదాపు నాలుగవ వంతు అయిదేండ్లలోపు బిడ్డలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించినది. జూలై 25వ తేదీని నీటి మునకల నివారణ దినముగా పాటింపవలెనని ఐక్యరాజ్యసమితి 2021లో నిర్ణయించినది. నిపుణులు చెప్పు ఉపాయములు ఖర్చుతో కూడినవి కావు. నీటికిని బిడ్డకును మధ్య అడ్డు ఉండవలెను. బడి యీడు రాని బిడ్డలను పగటివేళ ఒకచోట చేర్చి కనిపెట్టి చూచువారు ఉండవలెను. ఆరేండ్లు దాటినవారికి ఈత నేర్పవలెను. చెరువులు, కుంటలు ఇంటింటి వాకిట ఉండు బంగ్లాదేశ్ పల్లెలలో పగటివేళ బిడ్డలను చూచు కేంద్రములను ఈ కారణము చేతనే నెలకొల్పిరి. తల్లులు వంటపనిలోను, పొలముపనిలోను మునిగియుండు వేళలే బిడ్డలకు అపాయకరమైన వేళలని అచ్చటివారు గ్రహించిరి.

దీనినిబట్టి మీరు ఒక సంగతిని గమనింపుడు. అంగన్‌వాడీ కేంద్రము వేళకు తెరచుట అక్షరములు నేర్చుటకు మాత్రమే కాదు. అది తెరచియున్నంతసేపు ముప్పదిమంది బిడ్డలు గుంటలకు, బావులకు దూరముగా ఒక్క కప్పు క్రింద ఉందురు. కేంద్రమునకు ప్రహరీ గోడయు, గేటునకు గొళ్ళెమును లేకపోయినచో ఆ మేలు సగమే. ఇక మూడేండ్లలోపు బిడ్డల సంగతి. వారికి బడి లేదు, నాయనమ్మలే బడి. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పి ఉన్నచో వానిని వెన్నంటి పరుగెత్తలేదు. కనుక దారినే భద్రము చేయవలెను.

గుంటతోపాటు గొట్టపుబావిని గురించియు చెప్పవలెను. నీరు పడని బోరును మూయక విడిచిపెట్టి, దానిలో బిడ్డలు పడిన వార్తలను మీరు అనేక పర్యాయములు చదివియుందురు. సుప్రీంకోర్టు 2010లో ఇందుకు నిబంధనలు విధించినది. బోరు త్రవ్వించుటకు 15 దినములు ముందుగా భూమి యజమాని సంబంధిత అధికారులకు తెలుపవలెను. త్రవ్వునప్పుడు చుట్టును కంచె ఉండవలెను. గొట్టము చుట్టును సిమెంటు దిమ్మె కట్టి, నోటిని ఇనుప పలకతోనో, బోల్టులు బిగించిన మూతతోనో మూయవలెను. విడిచిపెట్టిన బోరును మట్టి, ఇసుక, రాళ్ళతో అడుగు నుండి నేలమట్టము వరకు పూడ్చవలెను. పల్లెలలో ఇవి జరుగుచున్నవో లేదో చూచు బాధ్యతను వ్యవసాయశాఖ అధికారితోపాటు సర్పంచికిని అప్పగించిరి. ఈ సంగతి మేము చెప్పినప్పుడు మా వార్డు సభ్యులొకరు, "అది బోరు వేసినవాళ్ళ పని కదండీ!" అనిరి. తీర్పు ప్రతిని చూపిన మీదట మరుసటి ఆదివారమే ఊరిచుట్టును తిరిగివచ్చిరి. మూత లేనివి నాలుగు బయటపడెను. వానిలో ఒకదానిపై యూరియా సంచి కప్పి, సంచిపై రాయి పెట్టియుండెను. ఆ నాలుగింటిని వారు దగ్గర నుండి మూయించిరి. ఇట్టి సభ్యుడు వార్డునకు ఒకడున్నను చాలును.

టీకాల దినమును గురించి క్లుప్తముగా చెప్పెదము. మా ఊరికి ఆరోగ్య కార్యకర్త బుధవారము వచ్చును. మాకు ఈ యేడు ఇద్దరు బిడ్డలకును పని కలిగినది. కోరింతదగ్గు, కంఠసర్పి, ధనుర్వాతములకు వేయు టీకాకు బలము చేకూర్చు మొదటి అదనపు మోతాదు పదునారు, ఇరువదినాలుగు నెలల మధ్యను, రెండవది అయిదు, ఆరేండ్ల మధ్యను వేయుదురు. పెద్దదానికి వేసినప్పుడు మానిపోయినదని చాలమంది అనుకొందురు. అయిదేండ్లకు మరల ఉన్నదని మరతురు. టీకా వేసిన తరువాత అరగంట అచ్చటనే కూర్చుండవలెను. కూర్చుండుటకు చోటు ఏది? మా ఊరిలో తల్లులు మెట్లపై ఎండలో నిలుచుచుండిరి. పంచాయతి రెండు సిమెంటు బల్లలు వేయించి, తాటాకు పందిరి కట్టించినది. దీనికైన ఖర్చు స్వల్పము. అప్పటి నుండి తల్లులు అరగంట ఆగుచున్నారు.

ఇక విహారములు. పసిబిడ్డలున్నవారికి విహారమేమని మీరు అనవచ్చును. మా అనుభవములో పసితనమున చూపినదే వారికి ఊరియెడల మమకారమగును. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు పోవుదుము. ఆ ప్రభల ఎత్తును చూచి చిన్నవాడు మెడ వెనుకకు వాల్చి, వాల్చి, చివరకు కూలబడెను. జనసమ్మర్దములో బిడ్డ తప్పిపోవుట క్షణకాలపు పని. అందువలన అమ్మాయి గౌను లోపలి మడతపై మా ఫోను నంబరును చెరగని సిరాతో వ్రాసి ఉంచుదుము. తప్పిపోయిన బిడ్డ కనబడినచో 1098కి ఫోను చేయవచ్చునని మీ ఊరి తిరునాళ్ళలోను మైకులో చెప్పించుడు.

సంక్రాంతి సెలవులలో ఉప్పలపాడు పోయితిమి. అది గుంటూరు సమీపమున పెదకాకాని మండలములోని గ్రామము. బస్సు ప్రయాణములో ఒక తమాషా జరిగినది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితము. తల్లికి, నాయనమ్మకు, అమ్మాయికి సున్న రూకల టికెట్లు వచ్చినవి. చిన్నవానికి వయసు చాలదు కనుక టికెట్టే లేదు. మా అయిదుగురిలో డబ్బిచ్చినవాడు తండ్రి ఒక్కడే. "నాన్నొక్కడికే డబ్బులా?" అని అమ్మాయి జాలిపడెను. బస్సు ఉచితమైనది కాని బస్సు ఆగుచోట మాత్రము నీడ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఉన్న వేపచెట్టు పోయినది. ముప్పావుగంట ఎండలో, చంకను బిడ్డతో, చేత పులిహోర డబ్బాతో నిలువబడితిమి. ప్రయాణమంతటిలో కష్టము అదియొక్కటే.

ఉప్పలపాడు చెరువు పెద్దది కాదు. మన ఊళ్ళలోని చెరువులవంటిదే. దాని నడుమనున్న చెట్లపై వేలకొలది పక్షులు గూళ్ళు కట్టుకొనియుండెను. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్లని కంకణములు ఒకదాని సందున మరియొకటి కాపురముండెను. గూడబాతు పిల్ల తన తలను తల్లి ముక్కుక్రింది సంచిలోనికి దూర్చి ఆహారమును తీసికొనుచుండెను. "నాన్నా, ఆ పక్షి నోట్లో సంచి ఉందేం?" అని అమ్మాయి అడిగెను. నాయనమ్మ అందుకొని, "సంతకు పోయి వచ్చిందమ్మా, పిల్లలకు సరుకులు తెచ్చింది" అనిరి. ఇంతకన్న మంచి జవాబు ఏ పుస్తకములోను దొరకదు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినను నడుమ సందు ఉండును. వరిచేలలోని నత్తలను తినుట కలవాటుపడినది కనుక అది రైతునకు చుట్టము. చిన్నవాడు అరగంటసేపు కదలక, మెదలక చూచెను. వాడు అంతసేపు ఒకచోట ఉండుట మేము అదివరకు ఎరుగము.

ఆ చెరువు గట్టుపై కూర్చుండి పెరుగన్నము తినుచు మేము తలపోసినది ఇది. ఈ పక్షులను ఎవరును కొని తేలేదు. గ్రామస్థులు వేటకాండ్రను రానీయలేదు, నీటిని నిలిపిరి, చెట్లు చాలనిచోట పక్షులు వ్రాలుటకు కృత్రిమ వృక్షములు నిలువబడినవి. శ్రీకాకుళము జిల్లా టెక్కలి సమీపమున తేలినీలాపురములోను, శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలములోని వీరాపురములోను గ్రామస్థులే పక్షులను కాపాడుచున్నారు. వీరాపురములో ఎర్రకాళ్ళ కొంగలు ఊరినడుమ ఇండ్లప్రక్కనున్న చింతచెట్లపైననే గూళ్ళు కట్టును. వాని రెట్టల కంపును గ్రామస్థులు సహింతురు. చెరువు అనగా చేపల వేలము, పూడిక బిల్లు మాత్రమే అని తలచు పంచాయతులు ఈ మూడు ఊళ్ళను ఒక్కసారి చూచి రావలెనని మా కోరిక.

మా ఖర్చు ఆనాడు మూడు వందల రూపాయలకు మించలేదు. అయితే అందరికిని ఊరు దాటి పోవుటకు వీలుండదు. పొద్దుగూకు వేళ బిడ్డలను తీసికొని కూర్చుండుటకు ఊరిలోనే ఒక చోటు కావలెను. తెలంగాణములో 2020 నుండి పల్లె ప్రకృతి వనములను పెంచిరి. నీరు పోయుటకు మనిషిని ఏర్పరచినచోటనే ఇట్టి వనము నీడనిచ్చును. బోర్డు ఎంత పెద్దదైనను నీడనీయదు. మా ఊరిలో బడికిని చెరువుకును మధ్య ఇరువది సెంట్ల పంచాయతి స్థలము ఉన్నది. ప్రస్తుతము అది పెంటదిబ్బ. చదువుకొను గది ఉన్నది కాని అందలి బీరువాలు మా అమ్మాయికి అందని ఎత్తున ఉన్నవి. 1947 జూలైలో ఆరంభమైన చందమామ మాసపత్రిక నేడు వెలువడుటలేదు. దాని పాత సంపుటములు అచ్చట పై అరలో దుమ్ముపట్టి ఉన్నవి. వానిని క్రింది అరకు దింపుటకు ఏ గ్రాంటును అక్కరలేదు.

గ్రామాభివృద్ధి ప్రణాళికలకు కేంద్ర పంచాయతిరాజ్ మంత్రిత్వశాఖ ఏర్పరచిన తొమ్మిది అంశములలో ఒకటి బాలల మేలు కోరు గ్రామము. ఆ శీర్షిక క్రింద ఏమి వ్రాయవలెనో తోచక చాలచోట్ల "బడికి సున్నము" అని వ్రాయుచున్నారు. గత అక్టోబరు 2వ తేదీ గ్రామసభకు మేము ఇద్దరు బిడ్డలతో పోయితిమి. చిన్నవాడు మైకును చూచి ఏడ్చెను. "సభకు పిల్లల్నెందుకు తెచ్చారమ్మా?" అని ఒక పెద్దాయన విసుగుకొనిరి. మా వార్డు సభ్యురాలు లేచి, "బాబాయిగారూ, ఇవాళ మాట్లాడేది వాళ్ళ సంగతే" అని గుంట విషయమును ప్రస్తావించిరి. పాడిగల రైతులు అడ్డు చెప్పిరి. వేసవి వచ్చువరకు గొడ్లకు ఆ నీరే ఆధారమని వారి వాదము. అది కొట్టివేయదగిన మాట కాదు. గంట చర్చ జరిగిన మీదట లోతైన ప్రక్కను పూడ్చుటకును, రెండవ ప్రక్కను గొడ్లు దిగుటకు ఏటవాలు చేయుటకును, బాట వెంబడి ఇనుపకంచె వేయుటకును తీర్మానించిరి.

కంచె జనవరిలో వేసిరి. గొడ్లు దిగు దారికి వెదురు గడి కూడ పెట్టిరి. మట్టి తోలుట మిగిలియున్నది. మే నెలలో చెరువు పూడిక తీసినప్పుడు ఆ మట్టిని ఇచ్చటికి తోలించెదమని సర్పంచిగారు మాట ఇచ్చిరి. ట్రాక్టర్ల బాడుగకు పద్దు కూడ చూపిరి. జూను రెండవ వారమునకు బడులు తెరతురు. ఆ వేళకే మాకు తొలకరి పడును. అమ్మాయి బడికి పోవు దారి కూడ అదియే.

మీ ఊళ్ళలో ఇట్టి గుంటల విషయమున గొడ్లవారితోను, భూమి యజమానులతోను ఎట్లు ఒప్పందము చేసికొంటిరో చెప్పినచో మేము వ్రాసికొని పోయి మా సర్పంచిగారికి అందజేసెదము. నాలుగు గంటల బస్సు వరకు ఇచ్చటనే ఉందుము.